రేపటి టిఫిన్ డబ్బాలో మెత్తగా ఉండే రోల్ ఏది?

“ఓవెన్‌లోంచి తీసినప్పుడు దూదిలా ఉన్నాయక్కా, పొద్దున లేచేసరికి రస్కులయ్యాయి.” గార్లిక్ బ్రెడ్ రోల్స్ ఇంట్లో చేసుకునేవాళ్లు ఎవరు నాతో మాట్లాడినా చివరికి ఈ మాట దగ్గరికే వస్తారు. మా మేడ మీది వాటాలో ఉండే అమ్మాయి ఈ వేసవిలోనే మూడుసార్లు అడిగింది. దాని వెనకే ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా ఉంటుంది. పిండి నేరుగా కలపడం మేలా, అందులో కొంచెం పిండిని పాలలో జావ కాచి కలపడం మేలా, కలిపిన పిండిని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచడం మేలా?

ఈస్ట్ అంటే ఏమిటో, పిండిని ఎందుకు పిసకాలో తెలియనివాళ్లు ఈ ప్రశ్న అడగరు. కాబట్టి ఆ సంగతులు వదిలేసి అసలు విషయానికి వస్తాను.

నోటిమాటగా చెబితే ఎవరూ నమ్మరని ఒక ఆదివారం మూడు పద్ధతుల్లోనూ చేశాను. మైదా ఒకే పొట్లంలోది, ఈస్ట్ ఒకే డబ్బాలోది. ఒక్కో రకానికి ఆరు రోల్స్, మొత్తం 18. కాల్చాక అన్నీ కవల పిల్లల్లా ఉంటాయి కాబట్టి గుర్తు కోసం జావ వాటి మీద నువ్వులు చల్లాను, ఫ్రిజ్ వాటి మీద గసగసాలు చల్లాను, నేరుగా కలిపినవాటిని ఉత్తగా వదిలేశాను. సాయంత్రం వేడివేడిగా తిన్నప్పుడు ఇంట్లో ఎవరికీ పెద్ద తేడా తెలియలేదు. మా అబ్బాయి ఉత్తవే బాగున్నాయన్నాడు. అక్కడితో ఆపేసి ఉంటే నేరుగా కలిపే పద్ధతే గెలిచి ఉండేది.

మర్నాడు ఉదయం ఏడింటికి డబ్బా మూత తీసి ఒక్కో రకాన్నీ బొటనవేలితో నొక్కి చూశాను. ఉత్త రోల్ మీద వేలి గుంట అలాగే ఉండిపోయింది, తుంచితే పొడి రాలింది. గసగసాల రోల్ గుంటలోంచి మెల్లగా లేచింది. నువ్వుల రోల్ మీద గుంట వేలు తీయగానే పూడిపోయింది, తుంచితే పొరలు పొరలుగా సాగి వచ్చింది. నా దృష్టిలో తీర్పు చెప్పాల్సింది ఈ ఉదయం ఏడింటికే. నలుగురున్న ఇంట్లో తొమ్మిది రోల్స్ చేస్తే సాయంత్రం ఐదు పోతాయి, మిగిలిన నాలుగూ పిల్లల డబ్బాల్లోకే. వేడి మీద మెత్తగా ఉండని బ్రెడ్ అసలు ఉంటుందా?

రోల్ గట్టిపడడానికి తడి ఆరిపోవడం ఒక్కటే కారణం అనుకుంటాం. సగం మాత్రమే నిజం. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గుర్తు తెచ్చుకోండి. నీళ్లు ఎక్కడికీ పోవు, అయినా మెతుకు బిరుసెక్కుతుంది, మళ్లీ వేడి చేస్తే మెత్తబడుతుంది. ఉడికిన పిండిపదార్థం చల్లారేకొద్దీ మళ్లీ బిగుసుకోవడం వల్ల అలా అవుతుంది. బ్రెడ్‌లో జరిగేదీ ఇదే, ఫ్రిజ్ చల్లదనంలో మరీ త్వరగా జరుగుతుంది. అందుకే కాల్చిన రోల్స్‌ను ఫ్రిజ్‌లో పెట్టవద్దు. పచ్చి పిండిని పెట్టుకోవచ్చు. ఈ రెండింటినీ కలగలిపేసి “ఫ్రిజ్ మంచిదన్నారు కదా” అని కాల్చినవి లోపల పెట్టి వచ్చినవాళ్లు ఉన్నారు.

ఇక జావ. తూర్పు ఆసియా బేకరీలలో దీన్ని టాంగ్‌జాంగ్ అంటారు. మనకు పేరు కొత్త కావచ్చు, పని కొత్తది కాదు. రాగి పిండిని చన్నీళ్లలో కలిపి వదిలేస్తే కాసేపటికి అడుక్కు దిగిపోతుంది. అదే పొయ్యి మీద కాస్తే అన్ని నీళ్లనూ పట్టుకుని చిక్కబడుతుంది. సంకటి కెలికిన చేతులకు ఇంతకంటే వివరించనక్కర్లేదు. మైదా అయినా అంతే. ఉడికిన పిండి పచ్చి పిండి కంటే చాలా ఎక్కువ నీటిని పట్టి ఉంచుతుంది, ఓవెన్‌లో కూడా తేలిగ్గా వదలదు.

లెక్క ఇది. తొమ్మిది రోల్స్‌కు మొత్తం 300 గ్రాముల మైదా. అందులోంచి 20 గ్రాములు తీసి 100 మిల్లీలీటర్ల పాలలో ఉండలు లేకుండా కలిపి సన్నని మంట మీద గరిటెతో తిప్పుతూ ఉండాలి. పిండికి ఐదింతల ద్రవం అన్నమాట. గరిటె తిప్పిన చోట గిన్నె అడుగున గీత పడి, ఒక్క క్షణం అలాగే నిలిచిందంటే 65 డిగ్రీల దగ్గరికి వచ్చినట్టే, వెంటనే దించేయాలి. మొదటిసారి నేను ఇంకాస్త చిక్కబడనిద్దామని ఆగాను, సంకటి ముద్ద తయారైంది. అప్పుడే వంటింట్లోకి వచ్చిన అమ్మ గిన్నెలోకి తొంగి చూసి, “ఇది గోడలకు పోస్టర్లు అంటించే బంక కదే! దీన్ని పిల్లలకు పెడతావా?” అంది. నిజమే, రెండూ ఒకటే. బంకలో నీళ్లు, ఇందులో పాలు, అంతే తేడా.

ఈ జావ చల్లారాక మిగిలిన 280 గ్రాముల మైదా, ఇంకో 100 మిల్లీలీటర్ల పాలు, 20 గ్రాముల చక్కెర, ఒక టీ చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్, ముప్పావు టీ చెంచా ఉప్పు, 30 గ్రాముల వెన్న. ఉప్పు కలిపిన వెన్న వాడితే ఉప్పును అర చెంచాకు తగ్గించండి. వెన్న చివర్లో, పిండి కాస్త సాగడం మొదలయ్యాక వేసి, మొత్తం పావుగంట పిసకాలి. మొదటి ఐదు నిమిషాలు చేతికి అంటుకుని ఏడిపిస్తుంది. అక్కడ భయపడి పొడి మైదా చల్లేవాళ్లే ఎక్కువ. చల్లిన ప్రతి గుప్పెడూ మర్నాటి గట్టిదనమే. చేతికి నూనె రాసుకుని ఓపిక పట్టండి, పిండి దానంతట అదే దారికొస్తుంది.

నేరుగా కలిపే పద్ధతిలో ఇదే 300 గ్రాముల మైదాకు 180 మిల్లీలీటర్ల పాలు పోయగానే పిండి జారుడుగా అనిపిస్తుంది. మన అంగళ్లలో దొరికే మామూలు మైదాలో మాంసకృత్తులు విదేశీ బ్రెడ్ పిండిలో కంటే తక్కువ, కాబట్టి అంతకు మించి ద్రవం పోస్తే అది మోయలేదు. జావతో అదే మైదా 200 మోస్తుంది. ఆ 20 మిల్లీలీటర్ల తేడానే ఉదయం ఏడింటికి బొటనవేలికి తగిలేది. అలాగని నేరుగా కలపడం చెత్త పద్ధతని నేను అనను. చుట్టాలు నాలుగింటికి ఫోన్ చేసి ఏడింటికి వస్తామంటే నేనూ అదే చేస్తాను. గిన్నె ఒకటి తక్కువ తోముకోవాలి, చల్లారేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు, అన్నీ ఆ పూటే అయిపోతాయి.

ఫ్రిజ్ పద్ధతికి ఒక గొప్ప గుణం ఉంది. రుచిలో దాన్ని కొట్టేది లేదు. నెమ్మదిగా పులిసిన పిండికి వచ్చే కమ్మదనం రెండు గంటల్లో పొంగిన పిండికి రాదు. దోసె పిండి సంగతి తెలిసినవాళ్లకు చెప్పేదేముంది? అయితే దోసె పిండిని రాత్రి బయట వదిలేస్తాం, దీన్ని మాత్రం తిరుపతి వేసవిలో బయట వదిలితే తెల్లారేసరికి కల్లు వాసన కొట్టి కూలిపోతుంది. ఈస్ట్ సగానికి తగ్గించి, మూత ఉన్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున బయటికి తీశాక చల్లదనం వదిలి, ఉండలు చేసి, అవి పొంగేసరికి రెండు గంటలు పడుతుంది. స్కూలు బస్సు ఎనిమిదింటికి వచ్చే ఇంట్లో ఇది కుదిరే పని కాదు. పైగా పాల ప్యాకెట్లు, ఇడ్లీ పిండి, మామిడికాయలు సర్దాక మా ఫ్రిజ్‌లో అంత డబ్బాకు చోటు దొరకడమే గగనం. ఆదివారం తీరిగ్గా పదింటికి టిఫిన్ తినే ఇళ్లకు మాత్రం నిస్సంకోచంగా ఇదే చెబుతాను. జావ కాచి కలిపిన పిండినే ఫ్రిజ్‌లో పెట్టడం కూడా ఉంది, రెండు లాభాలూ దక్కుతాయి. అంత ఓపిక నాకు పండగకోసారి వస్తుంది.

మూడింటికీ ఉమ్మడి శత్రువు మన ఎండ. పుస్తకాల్లో “వెచ్చని చోట గంటన్నర ఉంచండి” అని ఉంటుంది. మే నెలలో బయట 40 దాటి, రాత్రిదాకా కొండ రాళ్లు వేడి కక్కుతుంటే మన వంటిల్లంతా వెచ్చని చోటే. నా పిండి నలభై నిమిషాల్లో రెండింతలవుతుంది. గడియారాన్ని నమ్ముకుని ఇంకో గంట ఆగితే బుడగలు పగిలి చతికిలబడుతుంది, అలాంటి పిండి కాల్చినా పుల్లగా, పెళుసుగా వస్తుంది. అందుకే వేసవిలో పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టే పోస్తాను, జావను గిన్నెతో సహా చన్నీళ్లలో ఉంచి బాగా చల్లబరుస్తాను. వేడి జావ పోసి, ఆ వేడికి ఈస్ట్ చచ్చి పిండి పొంగకపోతే “ఈస్ట్ మంచిది కాదు” అని అంగడివాడితో గొడవకు దిగినవాళ్లను చూశాను. పొంగే సమయంలో కరెంటు పోయి ఓవెన్ పనిచేయకపోతే ఉండలున్న ట్రేను అలాగే ఫ్రిజ్‌లోకి తోసేయండి, గంటో గంటన్నరో ఆగుతాయి. డిసెంబరు తెల్లవారుజాముల్లో కథ తిరగబడుతుంది, అప్పుడు పక్కన వేడినీళ్ల గిన్నె పెట్టాల్సిందే.

వెల్లుల్లి విషయంలో మాత్రం రెండో మాటకు తావు లేదు. మా వైపు తెల్లగడ్డ అంటాం, దంచి పచ్చిదే పిండిలో కలిపితే వాసన గాఢంగా ఉంటుందని ఒకసారి రెండు చెంచాల ముద్ద వేశాను. రెండు గంటలైనా పిండి ఉలకలేదు, పలకలేదు. పచ్చి వెల్లుల్లిని నలగ్గొట్టినప్పుడు పుట్టే ఘాటుకు సూక్ష్మజీవులను అణిచే గుణం ఉంది. ఈస్ట్ కూడా సూక్ష్మజీవే కదా. అప్పటి నుంచి ఒక గడ్డ మొత్తం ఒలిచి, సన్నగా తరిగి, 40 గ్రాముల వెన్నలో చిన్న మంట మీద పచ్చి వాసన పోయేదాకా మాత్రమే ఉంచుతున్నాను. ఎర్రబడితే చేదు. సగం ఉండల్లోకి మడతపెట్టి, మిగతా సగంలో కొత్తిమీర కలిపి ఓవెన్‌లోంచి తీసిన మరుక్షణం పైన పూస్తాను. ముందే పూస్తే ముక్కలు మాడతాయి.

తక్కిన సందేహాలు చిన్నవి. గోధుమ పిండి సగం దాకా ఫర్వాలేదు, పూర్తిగా అదే అయితే ఎంత జావ పోసినా బరువుగానే ఉంటుంది. ఇన్‌స్టంట్ ఈస్ట్‌కు, నానబెట్టే ఈస్ట్‌కు తేడా ఐదు నిమిషాల పనే. కుక్కర్లో ఉప్పు పోసి కాల్చవచ్చు, పైన రంగు రాదు, అడుగు మాడకుండా చూసుకోవాలి. ఓవెన్ అయితే ముందే వేడి చేసి 180 డిగ్రీల మీద 20 నిమిషాలు. సోడా, పెరుగు వేసి ఈస్ట్ లేకుండా చేయవచ్చా అంటే చేయవచ్చు, తినవచ్చు, కాని అది రోల్ కాదు.

మేడ మీది అమ్మాయి మొన్న ఇంకో చిక్కు తెచ్చింది. వాళ్లింట్లో పెరటాసి నెలంతా (వెంకన్న శనివారాలు పాటించే తమిళ నెల, సెప్టెంబరు–అక్టోబరు) వెల్లుల్లి ముట్టరు, పిల్లలేమో రోల్స్ మానరు. పిండి మార్చవద్దన్నాను, జావతోనే చేయమన్నాను. వెన్నలో వెల్లుల్లి బదులు కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, జీలకర్ర, గుప్పెడు కరివేపాకు. మొదటి శనివారం నాలుగు కిందికి పంపించింది. రెండు సాయంత్రమే తినేశాం. మిగిలిన రెంటినీ డబ్బాలో పెట్టి ఉదయం ఏడింటికి నొక్కి చూశాను. వేలు తీయగానే లేచాయి.