కెర్నల్ భద్రతా కోడ్‌లో లాక్‌డెప్: దీర్ఘకాల వినియోగం తరువాత సమీక్ష

లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) భద్రతా కోడ్‌లో లాకింగ్ లోపాలను, అంటే ఒకే సమాచారాన్ని ఒకేసారి ఇద్దరు మార్చకుండా ఆపే లాకుల వాడకంలోని తప్పులను, సరిదిద్దే పనిలో నేను చాలాకాలంగా వాడుతున్న సాధనం లాక్‌డెప్. 2006లో 2.6.18 విడుదలతో కెర్నల్‌లో చేరిన ఈ తనిఖీ యంత్రాంగం విడివిడి లాకులను కాక లాకుల తరగతులను (ఒకే రకం లాకులన్నిటినీ ఒకటిగా) గమనిస్తుంది. అందువల్ల రెండు లాకులను ఒక దారిలో ఒక వరుసలోనూ వేరొక దారిలో తలకిందులుగానూ తీసుకుంటే, డెడ్‌లాక్ (ఒకరి లాక్ కోసం మరొకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఆగిపోవడం) నిజంగా ఏర్పడకముందే హెచ్చరించగలుగుతుంది.

భద్రతా కోడ్‌లో దీని అవసరం మరీ ఎక్కువ. ఒక హుక్‌ను (కెర్నల్ అనుమతి అడగడానికి పిలిచే భద్రతా ఫంక్షన్‌ను) ఎవరు, ఏ లాకులు పట్టుకొని పిలుస్తారన్నది దాన్ని రాసినవారి చేతిలో ఉండదు కదా. ఫైలు పేరు వెతికే ఆర్‌సీయూ (లాక్ తీసుకోకుండానే చదివే పద్ధతి) దారిలో అనుమతి హుక్ నిద్రపోకూడదు, అంటే ఆగి ఎదురుచూడకూడదు. ఫైలు భద్రతా లేబుల్ సిద్ధంగా లేకపోతే ఈచైల్డ్ దోషసంకేతం తిరిగి ఇచ్చి, నిద్రపోగల దారిలో మళ్లీ పిలిపించుకోవాలి. ఇలాంటి చోట్ల లాక్‌డెప్‌తో పాటు, నిద్రపోకూడని చోట నిద్రపోతే హెచ్చరించే డీబగ్ అటామిక్ స్లీప్ ఎంపికనూ నేను తప్పక పెట్టుకుంటాను.

లాక్‌డెప్ నివేదిక లాకుల గొలుసును చూపుతుందే గాని ఎక్కడ తెంచాలో చెప్పదు. 2020లో కీరింగ్ (కెర్నల్ రహస్య కీలను దాచే భాగం) కోడ్‌లో జరిగిన సవరణ ఇందుకు మంచి ఉదాహరణ. కీ సెమాఫోర్ (ఒక రకం లాక్) పట్టుకొని ఉండగానే యూజర్ ప్రోగ్రామ్ బఫర్‌లోకి నకలు చేస్తే పేజీ ఫాల్ట్ (ఆ మెమరీ పేజీ సిద్ధంగా లేదన్న అంతరాయం) రావచ్చు, దాని కోసం మెమరీ మ్యాప్ లాక్ కావలసి రావచ్చు, మరొక దారిలో ఆ లాక్ నుంచి మొదలైన గొలుసు తిరిగి కీ సెమాఫోర్ దగ్గరికే చేరుతుంది. లాకుల వరుస జోలికి పోకుండా, సమాచారాన్ని ముందు కెర్నల్ బఫర్‌లోకి చదివి, సెమాఫోర్ వదిలిన తరువాతే యూజర్‌కు నకలు చేయడంతో సమస్య తీరింది.

నన్ను విసిగించే లక్షణం ఒకటుంది: మొదటి నివేదిక ఇవ్వగానే ఇది పని మానేస్తుంది. బూట్ సమయంలో ఏదో డ్రైవర్ ఇచ్చిన హెచ్చరికతో రాత్రంతా నడిచిన పరీక్ష వృథా అవుతుంది. వేగం తగ్గుతుంది కనుక నిజ వినియోగంలోని యంత్రాలకు ఇది పనికిరాదు. నడవని దారులు దీనికి కనబడవు కాబట్టి అనుమతి నిరాకరణ, మెమరీ దొరకకపోవడం, పాలసీ (భద్రతా నియమాల సమూహం) మళ్లీ లోడ్ కావడం వంటి సందర్భాలను పనిగట్టుకొని కల్పించాలి. హెచ్చరిక నోరు మూయించడానికి మ్యూటెక్స్ లాక్ నెస్టెడ్ (ఒకే తరగతి లాకులను ఒకదాని లోపల ఒకటి తీసుకోవడం కావాలనే చేశామని లాక్‌డెప్‌కు చెప్పే పిలుపు) వాడిన ప్యాచ్‌ను, వరుసను వివరించే వ్యాఖ్య లేకుంటే నేను ఒప్పుకోను.

అన్నిటికన్నా పెద్ద పరిమితి వేరే ఉంది. ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా మాడ్యూల్‌లోని పాలసీ లాక్ కెర్నల్ 5.10లో ఆర్‌సీయూకు మారిన తరువాత, పాలసీ మార్పిడి సమయంలో పాత ఎస్‌ఐడీ (భద్రతా లేబుల్‌కు ఇచ్చే సంఖ్య) పట్టికలో చేర్చిన నమోదు కొత్త పట్టికకు చేరకుండా పోయే అవకాశం ఏర్పడింది. పాత పట్టికను స్తంభింపజేసి, ఈస్టేల్ దోషసంకేతంతో మళ్లీ ప్రయత్నింపజేసే సవరణ 2021లో వచ్చింది. అక్కడ లాకుల వరుసలో తప్పేమీ లేదు గనుక లాక్‌డెప్‌కు చెప్పడానికీ ఏమీ లేదు. అలాంటి లోపాన్ని కోడ్ చదివే పట్టుకోవాలి.