టెర్మినల్లో టేబుల్: ఎఫ్-స్ట్రింగా, ట్యాబ్యులేటా, రిచ్చా?

గుంటూరు మిర్చి యార్డు లెక్కలను పైథాన్ స్క్రిప్టుతో చూసుకోవాలంటే రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), క్వింటా ధర అనే మూడు కాలమ్స్ చాలు. ఆ మూడూ వరస తప్పకుండా రావాలంటే దేనితో ప్రింట్ చేయాలి?

బయటి లైబ్రరీలు వద్దనుకుంటే పైథాన్ 3.6 వెర్షన్ నుంచీ ఉన్న ఎఫ్-స్ట్రింగ్ ఉంది, అంటే వేరియబుల్ విలువలను నేరుగా మాటల మధ్యలో పెట్టే పద్ధతి. వేరియబుల్ పక్కన :<12 అని రాస్తే 12 గళ్లలో ఎడమకు, :>10 అంటే 10 గళ్లలో కుడికి సర్దుతుంది. అంకెల వరకూ ఇంతకంటే తేలిక మార్గం లేదు. కామా పెట్టమంటే మాత్రం 1,25,000 బదులు 125,000 అని వేస్తుంది. లక్షల్లో చదివే మన కళ్లకు అది ఇబ్బందే.

మిర్చి రకాల తెలుగు పేర్లు వచ్చాకే అసలు తలనొప్పి. ‘బ్యాడిగి’ కంటికి మూడక్షరాలే. పైథాన్‌ను పొడవు అడిగితే 8 అంటుంది, ఎందుకంటే గుణింతపు గుర్తులూ ఒత్తు కోసం వచ్చే పొల్లూ అన్నీ దానికి విడివిడి కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకూ ఇచ్చిన సంఖ్యలు. సీ భాషలో ప్రింట్ చేసే ప్రింట్‌ఎఫ్ బైట్లు లెక్కపెడుతుంది కాబట్టి దానికి 24. ఇక ‘తేజ’ పొడవు పైథాన్‌కు 3. 12 గళ్లకు సర్దమంటే తేజ పక్కన 9 ఖాళీలు, బ్యాడిగి పక్కన 4 మాత్రమే పడతాయి. కింది ధర పై ధర కిందకి ఎలా వస్తుంది?

టేబుళ్లు వేసే పైథాన్ లైబ్రరీ ట్యాబ్యులేట్ ఇక్కడే పనికొస్తుంది. దానితోపాటు అక్షరాల వెడల్పు కొలిచే డబ్ల్యూసీవిడ్త్ లైబ్రరీ కూడా ఇన్‌స్టాల్ చేస్తే, తెర మీద ఆక్రమించే గళ్లను బట్టి కొలుస్తుంది. ధరలను దశాంశ బిందువు దగ్గర కలుపుతుంది. కాలమ్‌లో 334, 341 లాంటి మిర్చి రకాలే ఉంటే అంకెలనుకుని కుడికి తోసేస్తుంది. అప్పుడు అంకెలుగా చూడొద్దని చెప్పే డిసేబుల్ నమ్‌పార్స్ ఆప్షన్ ఆన్ చేయాలి.

మరో పైథాన్ లైబ్రరీ రిచ్ చూడడానికి అందంగా ఉంటుంది: రంగులు, గీతలు, తెర వెడల్పుకు తగ్గట్టు మడతలు. కానీ అవుట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లిస్తే రంగులు పోతాయి, వెడల్పు మామూలుగా 80 గళ్లకు దిగుతుంది, పొడుగు వరసలు విరుగుతాయి. రోజూ లెక్కలు ఫైల్లో దాచుకునేవాళ్లకు అది పనికిరాదు. సీఎస్‌వీని (కామాలతో విడదీసిన టేబుల్ ఫైల్‌ను) ఒకసారి చూసి వదిలేయడానికైతే లినక్స్‌లోని కాలమ్ కమాండే చాలు.

నా ఓటు ట్యాబ్యులేట్‌కే. అయినా ఒత్తులను కొన్ని టెర్మినళ్లు తమ ఇష్టమొచ్చినట్టు గీస్తాయి, అప్పుడు ఏ లైబ్రరీ కొలిచినా లెక్క తప్పుతుంది. అందుకే టిక్కీలు, ధర ముందు పెట్టి, తెలుగు కాలమ్‌ను చివరికి జరపండి. దాని తర్వాత ఇంకే కాలమూ ఉండదు కాబట్టి వెడల్పు తేడా వచ్చినా అంకెలు చెదరవు.