పాస్‌వర్డ్‌లు దాచే యాప్ కొంటున్నారా? తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ముందే చూసుకోండి

హనుమకొండ, వరంగల్‌లో జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకు, మీసేవ, జిరాక్స్ సెంటర్లు నడిపేవాళ్లకు, పదిమంది పాస్‌వర్డ్‌లు తమ దగ్గర పెట్టుకొని పనిచేసే ప్రతి ఒక్కరికీ ఈ హెచ్చరిక. గత నెల నాకు జరిగినది మీకు జరగకూడదని రాస్తున్నాను.

నయీంనగర్‌లో నాది చిన్న ఆఫీసు. నా ఖాతాదారుల్లో ఎక్కువమంది ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి వ్యాపారులు. వాళ్ల జీఎస్టీ, ఆదాయపు పన్ను, ఈ-వే బిల్లు పాస్‌వర్డ్‌లన్నీ ఏళ్ల తరబడి ఒక రిజిస్టర్‌లో రాసుకున్నాను. అట్ట ఊడి, కొట్టివేతల మీద కొట్టివేతలు పడి చదవడానికి వీల్లేకుండా పోవడంతో రెండేళ్ల కిందట డబ్బు కట్టి ఒక పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ తీసుకున్నాను. ‘మీ ప్రధాన పాస్‌వర్డ్ మరిచిపోయినా భయం లేదు, రెండు నిమిషాల్లో అన్నీ తిరిగి ఇస్తాం’ అని ప్రకటనలో ఉంది. ఆ మాట చూసే కొన్నాను. ఆ మాట చూసే వదిలేయాల్సిందని ఇప్పుడు తెలిసింది.

మార్చి 19 సాయంత్రం యాప్ అప్‌డేట్ అయింది. ఆ తర్వాత నా ప్రధాన పాస్‌వర్డ్‌ను తీసుకోలేదు. ఐదుసార్లు కొట్టాను, ఐదుసార్లూ ‘తప్పు’ అంది. మర్నాడు 20వ తేదీ, త్రీబీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నులకు ఆఖరు రోజు. ఇంకా 31 రిటర్నులు మిగిలి ఉన్నాయి. ఆలస్యమైతే ఒక్కో రిటర్నుకు రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. అది నేను భరించగలను. నన్ను నమ్మి తాళాలు ఇచ్చినవాళ్లకు ఏమని చెప్పాలి?

పొద్దున్నే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పోర్టల్‌లో పాస్‌వర్డ్ మార్చడం మొదలుపెట్టాను. అందుకు వాళ్ల ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. అది మిర్చి సీజన్. యార్డులో జెండా పాట, అంటే మిర్చి వేలం జరిగే వేళ, బస్తాల మధ్య నిలబడి ఫోన్ ఎత్తేవాళ్లు ఎంతమంది? ఎత్తిన ఒక పెద్దాయన, ‘మేడం, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మీరే కదా నాకు చెప్పారు’ అన్నారు. ఆయన మాట న్యాయమైనది. నాకు నోట మాట రాలేదు. చివరికి నా మీద గౌరవంతో చెప్పారు కానీ, ఆ అంకెలు దాటి ఆయన గొంతులో వచ్చిన సందేహం నన్ను ఈరోజుకీ వదలడం లేదు.

పదకొండు గంటలకు కంపెనీవాళ్లు దొరికారు. నా ఫోనుకు ఓటీపీ పంపి, కొత్త ప్రధాన పాస్‌వర్డ్ పెట్టుకోమన్నారు. పెట్టాను. 143 పాస్‌వర్డ్‌లూ చెక్కుచెదరకుండా కనిపించాయి. ఆనందంతో ఫోనులో మాట్లాడిన కంపెనీ అబ్బాయికి రెండుసార్లు ధన్యవాదాలు చెప్పాను. రాత్రి రిటర్నులన్నీ వేశాక, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడికి ఈ సంగతి చెబితే వాడు ఒకే ప్రశ్న వేశాడు: ‘అక్కా, నీ తాళంచెవి పనిచేయనప్పుడు వాళ్లు ఏ తాళంచెవితో తెరిచారు?’

అసలు విషయం ఇదే. సరైన పద్ధతిలో కట్టిన పాస్‌వర్డ్ మేనేజర్‌లో మీ ప్రధాన పాస్‌వర్డ్ నుంచే తాళంచెవి మీ ఫోనులో, మీ కంప్యూటర్‌లో తయారవుతుంది. కంపెనీ దగ్గరికి వెళ్లేది తాళం వేసిన మూట మాత్రమే. మీరు మరిచిపోతే వాళ్లూ తెరవలేరు. కొన్ని సంస్థలు మొదట్లోనే ఒక రికవరీ కోడ్ ఇచ్చి కాగితం మీద దాచుకోమంటాయి, అది వేరు, ఆ కాగితం మీ బీరువాలోనే ఉంటుంది. కానీ కేవలం ఓటీపీ చెబితే చాలు, ఏమీ పోకుండా అన్నీ తెరుచుకున్నాయంటే మారుతాళంచెవి వాళ్ల దగ్గర ఉన్నట్టే. వాళ్ల ఉద్యోగి చూడగలడు, వాళ్ల సర్వర్‌లో చొరబడినవాడు చూడగలడు, నా నంబరుతో నకిలీ సిమ్ తీసినవాడూ చూడగలడు.

ఇది ఊహించుకొని భయపడే విషయం కాదు. 2022లో పాస్‌వర్డ్ మేనేజర్ నడిపే లాస్ట్‌పాస్ సంస్థ నుంచి ఖాతాదారుల పాస్‌వర్డ్ మూటల ప్రతులను దొంగలు ఎత్తుకెళ్లారు. పాస్‌వర్డ్‌లకు తాళం ఉంది, ఆ తాళంచెవి సంస్థ దగ్గర లేదు. అయినా ఎవరు ఏ వెబ్‌సైట్లు వాడుతున్నారో తెలిపే చిరునామాలు తాళం లేకుండానే వెళ్లిపోయాయి, బలహీనమైన ప్రధాన పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లకు ముప్పు మిగిలింది. మారుతాళంచెవి కూడా దగ్గర పెట్టుకునే కంపెనీ మీద అలాంటి దాడి జరిగితే ఏమి మిగులుతుంది?

ఆ రాత్రే పాస్‌వర్డ్‌లన్నీ తీసుకొని ఆ యాప్ నుంచి బయటపడాలనుకున్నాను. అక్కడ రెండో దెబ్బ తగిలింది. ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) అన్న మీట నొక్కితే ఒక ఫైలు వచ్చింది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే నిండా గళ్లు, ప్రశ్నార్థకాలు. అది వాళ్ల యాప్‌లో తప్ప మరెక్కడా తెరుచుకోదట. రెండు ఆదివారాలు మా అమ్మాయి ఫోను చూసి చదువుతుంటే నేను కంప్యూటర్‌లో కొట్టాను. ‘పెద్ద కే, చిన్న ఎం, ఎట్, ఏడు... కాదమ్మా, అది ఒకటి, ఎల్ కాదు.’ నేను దాచుకున్నవి నాకు తిరిగి దక్కడానికి రెండు వారాలు పట్టింది.

కాబట్టి కొన్న మొదటి రోజే నాలుగు ఉత్తుత్తి పాస్‌వర్డ్‌లు వేసి, వాటిని బయటికి తీసి, వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే అక్కడే ఆగండి. పెద్ద కంపెనీ అయినా ఈ పరీక్ష తప్పదు. మైక్రోసాఫ్ట్ తన ఆథెంటికేటర్ యాప్‌లో పాస్‌వర్డ్‌లు దాచే సౌకర్యాన్ని 2025 ఆగస్టులో ఎత్తేసింది. గడువు ముందే చెప్పింది. అందరూ అలా చెబుతారన్న హామీ ఏముంది?

ఇప్పుడు నేను ఆఫీసు కంప్యూటర్‌లో కీపాస్‌ఎక్స్‌సీ, ఫోనులో కీపాస్‌డీఎక్స్ అనే పాస్‌వర్డ్ మేనేజర్లు వాడుతున్నాను. రెండూ ఉచితం, వాటి కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు. పాస్‌వర్డ్‌లన్నీ తాళం వేసిన ఒకే ఫైలులో, నా దగ్గరే ఉంటాయి. ఒక ప్రతి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి కాజీపేటలో మా అక్కయ్య ఇంట్లో. ప్రధాన పాస్‌వర్డ్ ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరు తెలుగు మాటలు, ఇంగ్లిష్ అక్షరాల్లో. అది రాసిన కాగితం బ్యాంకు లాకర్‌లో ఉంది. ఈ దారిలో బాధ్యత పూర్తిగా మనదే. ఫైలు పోయినా, ఆ ఆరు మాటలు మరిచిపోయినా ఎవరూ తెచ్చివ్వలేరు. ఫోనులో ఒక మార్పు, కంప్యూటర్‌లో మరో మార్పు చేస్తే రెండు ప్రతులనూ కలుపుకోవాలి, దానికి కీపాస్‌ఎక్స్‌సీలోనే ఏర్పాటు ఉంది. ఇంత శ్రమ వద్దనుకునేవాళ్లు బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ చూడవచ్చు, అది మీ డేటాను సీఎస్‌వీ ఫైలుగా, అంటే మామూలుగా చదవగలిగే రూపంలోనూ బయటికి ఇస్తుంది.

అలా తీసిన సీఎస్‌వీ ఫైలుకు తాళం ఉండదని మాత్రం మరవకండి. దాన్ని వాట్సాప్‌లో పంపకండి, పని కాగానే రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి. గూగుల్‌లో వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటన నొక్కి డౌన్‌లోడ్ చేయకండి. 2023 అక్టోబరులో అలాంటి ప్రకటన ఒకటి అచ్చం కీపాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ సైటులాగే కనిపించే నకిలీ సైటుకు తీసుకెళ్లింది. యాప్ మారితే సరిపోదు, పాత యాప్‌లో ఉన్న పాస్‌వర్డ్‌లన్నీ మార్చాలి. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. నేను ఇప్పటికి 143లో 96 మార్చాను.

పాత యాప్‌లో నా ఖాతా తొలగించమని దరఖాస్తు పెట్టి 23 రోజులైంది. ‘మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది’ అని సందేశం వచ్చింది. నిన్న రాత్రి లాగిన్ చేసి చూశాను. అన్నీ అలాగే ఉన్నాయి.