బాణం వెనక ఏముంది? కోరాపుట్, రాయగడ వైపు విల్లు పట్టుకుని

చెట్ల మధ్య విల్లు పట్టుకుని గురి చూసి కొట్టాలని ఉంది, ఎక్కడికి వెళ్తే బాగుంటుంది అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. అందరికీ కొండలు, పొగమంచు, జలపాతం ఉన్న చోటే కావాలి. నేను మాత్రం ఒకటే ఎదురు ప్రశ్న వేస్తాను: గురి తప్పిన బాణం ఎక్కడికి పోతుంది? దానికి జవాబు ఉన్న చోటే మనకి మంచి చోటు. సాలూరు దాటి, సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా ఒడిశాలోని కోరాపుట్, జయపురం, అక్కణ్ణుంచి లక్ష్మీపూర్ దారిలో రాయగడ, గుణుపూర్ దాకా మేం తిరిగింది ఈ లెక్క చూసుకోవడానికే.

ముందు ఆట సంగతి. టీవీలో మన వెన్నం జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ ఆడేది చదును మైదానంలో. రికర్వ్‌కి (కొనలు ముందుకి వంగిన విల్లు) 70 మీటర్లు, కాంపౌండ్‌కి (కప్పీలున్న విల్లు) 50 మీటర్లు అని దూరం ముందే తెలుసు. ఫీల్డ్ ఆర్చరీలో మనమే టార్గెట్ దగ్గరికి నడుచుకుంటూ పోవాలి. ఒకటి గట్టు పైన ఉంటుంది, ఇంకొకటి గెడ్డకి (వాగుకి) అవతల ఉంటుంది. ప్రపంచ విలువిద్య సంఘం వరల్డ్ ఆర్చరీ నిబంధనల ప్రకారం ఒక కోర్సుకి 24 టార్గెట్లు, ఒక్కోదానికి మూడు బాణాలు. సగం టార్గెట్లకి దూరం రాసి ఉంటుంది, మిగతా సగం కంటితో అంచనా వేసుకోవాల్సిందే. సైటు (గురి చూసే పరికరం) లేని బేర్‌బో వాళ్ళు, నిలబడే చోటికి గుర్తుగా కొట్టిన నీలం మేకు దగ్గర నిలబడతారు. అక్కణ్ణుంచి టార్గెట్ 5 మీటర్ల దూరంలోనూ ఉండొచ్చు, 50 మీటర్ల దూరంలోనూ ఉండొచ్చు. చెక్క విల్లు, చెక్క బాణం, దానికి నిజమైన ఈకలు పెట్టుకుని ఆడితే వచ్చే ఆనందం వేరు. అందుకే నేను దీన్ని ఇంతగా ప్రేమిస్తాను.

అయితే అడవి అనగానే రిజర్వ్ ఫారెస్టులోకి విల్లు పట్టుకుని వెళ్ళిపోవచ్చు అనుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టకూడదు. మన దృష్టిలో ఆటవస్తువైనా, ఫారెస్టు గార్డు కంటికి విల్లు వేట సామాను. పైగా చైత్ర మాసంలో ఈ ప్రాంతంలో చైత పరబ్ జరుగుతుంది. వేటకి వెళ్ళడం ఆ పండగలో పాత ఆచారం కాబట్టి ఆ నెలలో అటవీ సిబ్బంది మరీ జాగ్రత్తగా ఉంటారు. ఆ రోజుల్లో కొత్త ముఖాలు విల్లులతో తిరగకపోవడమే మంచిది. కాబట్టి మనకి దారి ఒక్కటే. ప్రైవేటు తోటలు చూసుకోవాలి, యజమాని మాట తీసుకోవాలి.

దారిలో ఇంకో సంగతి. గంజాయి రవాణా వల్ల ఈ రోడ్డు మీద తనిఖీలు గట్టిగా ఉంటాయి. పొడవాటి జిప్పు సంచీ కనపడితే కచ్చితంగా తెరవమంటారు. విల్లు నారి దించి, సంచీని సామాన్ల పైనే పెట్టి, కొన్న బిల్లు చేతికి అందేలా ఉంచుకుంటే ఏ టెన్షనూ ఉండదు. మమ్మల్ని ఆపినాయన బిల్లు చూసి, "ఎక్కడ నేర్పుతారు బాబూ, మా వాడికీ సరదా" అని అడిగి పంపించాడు.

కోరాపుట్ వైపు అందరూ మొదట చెప్పే పేరు దేవమాలి. 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తయిన కొండ లేదు. చలికాలం తెల్లవారుజామున అక్కడ నిలబడి కింద మబ్బుల్ని చూడటానికి ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. కానీ విల్లు కారులోనే వదిలేయండి. అదంతా బోడి గడ్డి కొండ, బాణాన్ని ఆపేది ఏదీ లేదు, గాలి ఒక్క తీరుగా ఉండదు. ఏ వాలు వెనక పశువుల కాపరి ఉన్నాడో తెలియదు, పర్యాటకుల రద్దీ సరేసరి. బస కొండ మీద వెతుక్కోవడం కంటే సిమిలిగూడలోనో కోరాపుట్‌లోనో దిగడం నయం. కోరాపుట్‌లో అయితే శబర శ్రీక్షేత్రం, దాన్ని ఆనుకుని ఉన్న గిరిజన మ్యూజియం కూడా చూసుకోవచ్చు. మేం దిగిన లాడ్జిలో గదులు శుభ్రంగానే ఉన్నాయి, వేడినీళ్ళు మాత్రం అడిగిన ప్రతిసారీ ఆలస్యం.

కోరాపుట్ మంచు గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. ఊరి బయట ఒక స్నేహితుడి స్థలంలో పొద్దున్నే గడ్డిమోపు నిలబెట్టి సాధన మొదలుపెట్టాం. కాసేపటికే బాణాలు వంకరగా ఊగుతూ పోవడం మొదలైంది. చూస్తే ఈకలు మంచుకి తడిసి, పోచలన్నీ ఒకదానికొకటి అంటుకుని, కర్రకి అతుక్కుపోయాయి. బాణం తోకని నిలకడగా నడిపించేవి ఆ ఈకలే కాబట్టి అవి పడుకున్నాయంటే గురి గాల్లో కలిసినట్టే. పక్కనే టీ కొట్టు ఉంది. ఆ కొట్టావిడని అడిగి, మరుగుతున్న కెటిల్ ఆవిరి మీద ఒక్కో బాణాన్నీ వేళ్ళతో తిప్పుతూ పట్టుకున్నాం. పోచలు ఒక్కొక్కటే విడివడి, మళ్ళీ నిటారుగా లేచి నిలబడ్డాయి. ఆవిరి తగిలితే ఈకకి పాత రూపం వస్తుందని పాత విలుకాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం. అప్పటినుంచి అమ్ములపొది మీద కప్పడానికి ప్లాస్టిక్ కవరు మా సంచీలో ఎప్పుడూ ఉంటోంది.

జయపురం దగ్గర ఒక రిసార్టు ప్రకటనలో 'ఆర్చరీ' అని రాసి ఉంటే చూసి దిగాం. గది బాగుంది, భోజనం బాగుంది. ఆర్చరీ మాత్రం ఒప్పుకునేలా లేదు. టార్గెట్ వెనక పిల్లలు ఆడుకునే ఉయ్యాల ఉంది, మధ్యలో వల కూడా లేదు. విల్లు నారి పోగులు లేచిపోయి ఉంది, చేతికి రక్షణ పట్టీ అడిగితే లేదన్నారు. బాణం పెట్టకుండానే నారి లాగి వదిలి చూపించాడు అక్కడి కుర్రాడు. అలా వదిలితే ఆ శక్తి అంతా విల్లు కొమ్మల్లోకే, అంటే వంగే పై, కింది భాగాల్లోకే తిరిగి వచ్చి, విల్లు విరిగి ముఖాన పడొచ్చు. మేనేజరుగారితో కూర్చుని ఇవన్నీ చెప్పాం, విన్నారు. కుటుంబంతో రెండు పూటలు విశ్రాంతికైతే ఆ చోటికి వెళ్ళొచ్చు, విల్లు కోసమైతే వద్దు.

ఒనుకుడెల్లి గురువారం సంతకి కూడా వెళ్ళాం. దగ్గర్లోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రాన్ని 1955 నుంచి ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా నడుపుతున్నాయి కాబట్టి అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళకి కొదవ లేదు, టిఫిన్ కూడా మన రుచే. బోండా తెగ మగవాళ్ళు కొండ దిగి భుజాన విల్లు, చేతిలో బాణాలతో వస్తారు. వాళ్ళు చెక్కుకున్న ఆ విల్లులు చూస్తుంటే నా చూపు తిప్పుకోలేకపోయాను. అయినా ఆ సంతని చూడాల్సిన చోట్ల జాబితాలో చేర్చమని ఎవరికీ చెప్పను. వాళ్ళు వచ్చింది సరుకులు కొనుక్కోవడానికి, మనకి కనబడటానికి కాదు. వెళ్తే కెమెరా తీయకుండా, ఏదైనా కొనుక్కుని, దారి ఇచ్చి వచ్చేయాలి.

రాయగడ సౌకర్యాల్లో అన్నిటికంటే ముందుంటుంది. రైలు ఉంది, స్టేషను చుట్టూ లాడ్జీలు ఉన్నాయి, తెలుగు భోజనం ఎక్కడైనా దొరుకుతుంది. మజ్జిగౌరమ్మ దర్శనానికి ఆంధ్ర వైపు నుంచి వచ్చే జనం ఎక్కువైనప్పుడు మాత్రం గదులు దొరకవు, ముందే మాట్లాడుకోవాలి. కాగితం మిల్లు దగ్గర్లోనే ఉండటంతో నీలగిరి తోటలు వేసినవాళ్ళు చాలామంది. నేల చదును, చెట్లు వరసల్లో ఉంటాయి, చూపుకి అడ్డు ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి దూరం అంచనా వేయడం అలవాటు కావాలంటే ఇదే సరైన చోటు. కాకపోతే రాలిన నీలగిరి ఆకుల కింద బాణం దూరిందంటే వెతకడం నరకం. పసుపు, ఎరుపు ఈకలు వేసుకోండి, గడ్డి కెలికే పంటి కర్ర ఒకటి పట్టుకెళ్ళండి. మేం ఆడిన తోట చివర పశువులు నడిచే బాట ఉంది. అందుకని ఆ దిక్కుకి ఒక్క టార్గెట్ కూడా పెట్టలేదు, బాటకి వీపు పెట్టి నిలబడేలా మేకులు కొట్టుకున్నాం.

ఇక గుణుపూర్ దగ్గరి జీడి తోట. నా మనసు నిలిచిపోయిన చోటు ఇదే. మా స్నేహితుడికి వరసకి మావయ్య అయ్యే ఆయన తోట అది, తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. తోట మధ్యలో వానాకాలం మాత్రమే పారే గెడ్డ ఉంది. దాని రెండు వైపులా మనిషి కంటే ఎత్తయిన మట్టి గట్లు, వాటి పైకి జీడి చెట్ల వాలు. ఏ టార్గెట్ పెట్టినా వెనక మట్టి గోడే. తప్పిన బాణం ఆ ఎర్రమట్టిలో వేలెడు లోతు దిగి ఆగిపోతుంది, ములికి వంగదు, కర్ర విరగదు. "చెట్లకి దెబ్బ తగలకుండా చూసుకోండి బాబూ, మిగతాది మీ ఇష్టం" అన్నారు మావయ్యగారు. కొమ్మల వెనక టార్గెట్ పెట్టకుండా ఆ మాట నిలబెట్టుకున్నాం.

ఈ ఆటలో అసలు పాఠం ఆ వాలు మీదే అర్థమవుతుంది. గట్టు పైనుంచి కిందికి కొట్టినా, కింద నుంచి పైకి కొట్టినా బాణం గురికి పైగానే పోతుంది. ఎందుకంటే భూమి బాణాన్ని కిందికి లాగే లెక్కలో చూసుకోవాల్సింది అడ్డంగా ఉన్న దూరం, కంటికి కనపడే ఏటవాలు దూరం కాదు. 30 డిగ్రీల వాలు మీద 30 మీటర్ల దూరంలో ఉన్న టార్గెట్‌ని సుమారు 26 మీటర్లుగా లెక్కేసుకుని కొట్టాలి. ఇంకోటి, పైకీ కిందికీ చేతిని మాత్రమే ఎత్తి దించితే భుజం వరస చెదిరిపోతుంది. ముందు చదునుగా నిలబడి నారి లాగి, దవడ దగ్గర చెయ్యి ఆనాక, నడుము దగ్గర వంగాలి. గెడ్డకి అడ్డంగా కొట్టేటప్పుడు మధ్యలో నేల కనపడదు కాబట్టి దూరం తక్కువ అనిపిస్తుంది, అది కూడా మనసులో పెట్టుకోవాలి.

తోట కాపలా తాత సవర తెగ మనిషి. మా విల్లులు చేత్తో తడిమి చూసి, తన విల్లు పట్టుకొచ్చి చూపించాడు. కొమ్మ వెదురు, నారి కూడా సన్నగా చీల్చిన వెదురు బద్దే. ఆ బద్దని గోటితో మీటి, చప్పుడు విని, "ఇంకా బిగువుంది" అన్నాడు తెలుగులో. సైటు లేదు, కొలత లేదు. చెంప దాకా లాగడు, ఛాతీ దగ్గరే ఆపి వదిలేస్తాడు. తాత బాణం మేం గంట నుంచి కొడుతున్న టార్గెట్ నడిమధ్యలో దిగింది. మాలో ఒకరు ఆ విల్లు కొంటానని అడిగితే తాత తల అడ్డంగా ఊపాడు. నాకు ఆ జవాబు నచ్చింది.

బస సంగతి చెప్పాలంటే గుణుపూర్‌లో లాడ్జీలు అంతంతమాత్రం. మేం తోటలోని పాత పెంకుటింటి వసారాలో పడుకున్నాం, దోమతెర మనమే తెచ్చుకోవాలి. అత్తయ్యగారు పొద్దున్నే చోడి అంబలి, మధ్యాహ్నం వంకాయ కూర, ఉడకబెట్టిన కందికాయలు పెట్టారు. డబ్బు ఇవ్వబోతే మావయ్యగారు తీసుకోలేదు, తాతకీ గడ్డిమోపులు మోసిన కుర్రాళ్ళకీ ఇమ్మన్నారు. అలాగే ఇచ్చాం.

కొత్తవాళ్ళు వెళ్ళేముందు కొన్ని పద్ధతులు పాటించాలి. అందరూ కొట్టడం అయ్యాకే టార్గెట్ వైపు నడవాలి. బాణం వెతకడానికి టార్గెట్ వెనక్కి వెళ్తే, ఒక విల్లుని టార్గెట్ ముందు భాగానికి ఆనించి పెట్టి వెళ్ళాలి. వెనకొచ్చే జట్టు అది చూసి ఆగిపోతుంది. నారి లాగేటప్పుడు బాణం మొన ఆకాశం వైపు తిరగకూడదు. మొదటి విల్లు బరువు, అంటే నారి లాగడానికి పట్టే బలం, 20, 25 పౌండ్లు దాటనివ్వకండి. బరువు విల్లు కొని భుజం పట్టేసి మానేసినవాళ్ళని చాలామందిని చూశాను. విల్లుకి నారి ఎక్కించడానికి స్ట్రింగర్ తాడు వాడండి, కాలి సందులో పెట్టి వంచితే కొమ్మ మెలిక పడుతుంది.

వెళ్ళాల్సిన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. మార్చి వచ్చిందంటే జీడి పిక్కలు ఏరే ఆడవాళ్ళు తెల్లారకముందే తోటలో ఉంటారు, ఆ గెడ్డలోనే కూర్చుని అన్నం తింటారు. కాపు అయిపోయేదాకా అక్కడ విల్లు ఎత్తనివ్వరు మావయ్యగారు. ఆ నెలల్లో వెళ్ళాలనుకునేవాళ్ళు రాయగడ నీలగిరి తోటల వైపు చూసుకోండి, అక్కడ కూడా కర్ర నరుకుతున్న తోట కాదని కనుక్కున్నాకే టికెట్ తీయండి.