బర్డ్స్ నెస్ట్ ఫెర్నా, స్టాగ్‌హార్న్ ఫెర్నా: ఇంట్లోకి ఏది మేలు?

ఈ రెండు ఫెర్న్ మొక్కల్లో (పూలు పూయని, ఆకులే అందమైన మొక్కలు) ఏది తెచ్చుకోమంటారని చాలామంది అడుగుతున్నారు. వెలుతురు, ఎరువు గురించే అందరి టెన్షన్. నా లెక్కలో మాత్రం తేల్చేది నీళ్లే: ఎక్కడ పోస్తున్నాం, పోసింది ఎంతసేపట్లో ఆరుతోంది.

రెండూ ఉష్ణమండల అడవుల్లో ఎక్కువగా చెట్లను పట్టుకుని పెరుగుతాయి. చెట్టు ఆసరా మాత్రమే, రసం పీల్చవు. వానకు తడిసిన వేళ్లు త్వరగానే గాలికి ఆరతాయి. కాబట్టి బంకమట్టి నింపిన కుండీలో పెట్టి రోజూ నీళ్లు పోస్తే రెండూ కుళ్లిపోతాయి.

బర్డ్స్ నెస్ట్ ఆకులు చుట్టూ గిన్నెలా లేస్తాయి. అడవిలో మీటరు పొడవు దాటేవీ ఉంటాయి. పైనుంచి రాలిన ఆకులు ఆ గిన్నెలో పడి, చివికి, దానికే ఎరువవుతాయి. గాలి ఆడని గదిలో మాత్రం ఆ గిన్నెలో నీళ్లు నిలిస్తే, చుట్ట చుట్టుకుని ఉన్న లేత ఆకులు నల్లబడి కుళ్లుతాయి. అందుకే నీళ్లు కుండీ అంచున, మట్టిలో పోయాలి. ఇది ఒక్కటి పాటిస్తే మిగతాదంతా తేలికే. ముదురు ఆకు వెనక, నడిమి ఈనె నుంచి ఏటవాలుగా బారులు తీరిన గోధుమరంగు గీతలు చూసి తెగులనుకోకండి. అవి సిద్ధబీజాలు, అంటే ఫెర్న్‌కు విత్తనాల్లాంటివి.

అందంలో స్టాగ్‌హార్న్‌దే పైచేయి, ఒప్పుకుంటాను. దుప్పి కొమ్ముల్లా చీలిన ఆకులు ఒక రకం, వేళ్లను కప్పే గుండ్రటి ఆకులు ఇంకో రకం. గుండ్రటివి ఎండి గోధుమరంగుకు తిరిగినా పీకకూడదు, వేళ్లకు కాపలా అవే. కొమ్ముల మీది తెల్లటి నూగు దుమ్ము కాదు, తుడవొద్దు. చెక్కకు కట్టి పెంచితే, ఆరినప్పుడల్లా దించి, నీళ్లలో నానబెట్టి, ఓడ్చి మళ్లీ తగిలించాలి. గాలి ఆడే, ఎండ నేరుగా పడని బాల్కనీ ఉండి, ఆ ఓపికా ఉంటే తప్పక తెచ్చుకోండి. గది లోపలికైతే నా ఓటు బర్డ్స్ నెస్ట్‌కే.

 

బర్డ్స్ నెస్ట్ కొనేటప్పుడు నడిమధ్యలోకి తొంగి చూడండి. కొత్త ఆకులు వచ్చేది అక్కడి నుంచే. అక్కడ మెత్తబడి నల్లగా ఉంటే, చుట్టూ ఆకులు ఎంత పచ్చగా ఉన్నా ఆ మొక్క తీసుకోవద్దు.