లిస్బన్ పాతపేటలో టుక్‌టుక్ మేలా, ట్రామ్ మేలా?

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 1755 నాటి భూకంపాన్ని చాలావరకు తట్టుకుని నిలిచిన పాతపేట అల్ఫామాను చూడడానికి 28వ నంబరు ట్రామ్ చవకైన మార్గం. ఆ పసుపు బోగీలో చెక్క కిటికీ పక్కన చోటు దొరికితే, ఇళ్ల గోడలు చేతికందేంత దగ్గరగా జరిగిపోతుంటాయి. రద్దీలో నిలబడవలసి వస్తే మాత్రం ఆ గోడలే కనబడవు, పైగా జేబుదొంగల భయం.

టుక్‌టుక్ ఖర్చు ఎక్కువే. అయినా మన ఆటోను పోలిన ఆ బండిని నడిపేవారే గైడు కూడా కావడం వల్ల, నగర ప్రధాన చర్చి అయిన 12వ శతాబ్దపు సే కేథడ్రల్ ముందు ఆపి, అడిగినవాటికి జవాబులు చెప్పి, ట్రామ్ పట్టాలు చేరని సెన్యోరా దు మోంత్ గుట్టపైకి తీసుకువెళ్తారు; అక్కడినుంచి నగరపు పాత కోట, తేజో నది ఒక్క చూపులో కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లేవారికి నేను సందేహించకుండా దీన్నే సూచిస్తాను. ఒంటరిగా వెళ్తే ఉదయాన్నే ట్రామ్ ఎక్కడమే నయం.