పూట మానేయడమా, పూటపూటా కొలిచి తినడమా? షుగరున్నవాళ్లకి ఏది మేలు?

షుగరుండి ఒళ్లు తగ్గాలంటే మా నెల్లూరు వైపు ముందు వినపడే సలహా, "ఒక పూట మానెయ్ అబ్బయా!" ఖర్చు లేదు, కొలతల గోల లేదు. తిండి మీద అదుపుండి, షుగరు మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి డాక్టరు సరేనంటే ఇది పనికిరావచ్చు కూడా. ఆబగా తినే అలవాటున్నవాళ్ల సంగతే వేరు.

ఆబ అంటే పెళ్లిలో రెండు కాజాలు ఎక్కువ లాగించడం కాదు. రెండు గంటల్లోపే మామూలుగా ఎవరూ తినలేనంత తినేయడం, ఆపుదామన్నా చెయ్యి ఆగకపోవడం, తర్వాత సిగ్గుతో కుంగిపోవడం. వారానికి ఒక్కసారైనా మూడు నెలలపాటు ఇలా సాగితే డాక్టర్లు దాన్ని జబ్బుగానే లెక్కేస్తారు. ఇంట్లోవాళ్లు మాత్రం తిండిపోతు అని తిట్టి ఊరుకుంటారు.

ఇలాంటి మనిషి పొద్దున గ్లిమిపిరైడ్ (తిన్నా తినకపోయినా షుగరు దించే మాత్ర) వేసుకుని మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టాడనుకోండి. సాయంత్రానికి చెమటలు, చేతుల వణుకు. షుగరు 70 కిందికి పడిపోతుంది. అప్పుడు చేయాల్సింది 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్లీ మీటరు చూసుకోవడం. కానీ ఆ ఆకలికి అంత ఓపిక ఎక్కడిది? మామిడికాయ వేసిన నిన్నటి చేపల పులుసు ఉండనే ఉంది, పైగా మర్నాటికే దానికి అసలు రుచి. గిన్నెడన్నం కలుపుకుని పొయ్యి దగ్గరే నిలబడి ఖాళీ చేస్తాడు. ఆపైన ఫ్రిజ్‌లోని మలై కాజా. తెల్లారి మీటరు 280 చూపిస్తే, దానికి శిక్షగా ఇంకో పూట మానేస్తాడు.

పూటపూటా కొలిచి తినడం విసుగు పుట్టించే పనే. టిఫినుకి ఒకే కారం దోశ, పక్కన గుడ్డు. మధ్యాహ్నం అన్నం ఒక కప్పు, చేప ముక్కలు, కూర దండిగా. నాలుగింటికి శనగ గుగ్గిళ్లు. రాత్రికీ ఏదో ఒకటి, వేళకి. బరువు మెల్లిగా తగ్గుతుంది. అయితే మాత్ర వేసుకున్నాక కడుపు ఖాళీగా ఉండదు కాబట్టి, రాత్రి వంటింటి మీద పడే అవసరం తగ్గుతుంది. నా ఓటు దీనికే.

అమెరికాలో 5,145 మంది టైప్ 2 షుగరు పేషెంట్లతో బరువు తగ్గడం మీద లుక్ అహెడ్ అనే పెద్ద అధ్యయనం చేశారు. ఏడాది తర్వాత చూస్తే, ఆబగా తినడం మానుకున్నవాళ్లు సగటున 5.3 కిలోలు తగ్గారు. ఆ అలవాటు లేనివాళ్లు 4.8, మానుకోలేనివాళ్లు 3.1. మానుకున్నందుకే తగ్గారా, తగ్గుతున్న ఉత్సాహంలో మానుకున్నారా అన్నది ఈ అంకెలు తేల్చవు. అలవాటున్నంత మాత్రాన దారి మూసుకుపోదని మాత్రం తెలుస్తోంది.

2025 మార్చిలో మన దేశానికొచ్చిన మౌంజారో లాంటి ఇంజెక్షన్లు ఆకలిని బాగా తగ్గిస్తాయి. ఖరీదెక్కువ, పైగా ఆపేస్తే బరువు మళ్లీ పెరగడం మామూలే. ఆబకి ముందు ఇచ్చే చికిత్స సీబీటీ అనే, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్. బరువు తగ్గుతామని ఇన్సులిన్ ఎగ్గొట్టడం మాత్రం ప్రాణం మీదకి తెస్తుంది.

ఏ దారి పట్టినా రాత్రి తిండి సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు. ఆయన ముందుండేది 280 అన్న అంకె ఒక్కటే. మందు చాలట్లేదనుకుని గ్లిమిపిరైడో ఇన్సులినో పెంచితే, పూట తప్పిన రోజు షుగరు ఇంకా కిందికి పడుతుంది, ఒళ్లూ పెరుగుతుంది.